మసిగుడ్డ రంగు

ఆయన పోయిన వార్త పేపర్లో అరచేయంత వేశారు, ఫొటోతో సహా. నా పుస్తకం అచ్చయినప్పుడు ఇదే పేపరు దాని గురించి బొటనవేలి గోరంత వేసింది, అదీ వరి విత్తనాల ప్రకటన కింద. ఆ పాత కత్తిరింపు బీరువాలోంచి తీసి, స్కేలు తెచ్చి, రెండిటినీ పక్కపక్కన పెట్టి కొలుస్తున్నాను. మా ఆవిడ కళ్లు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది.

"ఏంటండీ, చచ్చిపోయిన మనిషి మీద స్కేలు పెడుతున్నారు?"

"కాలమ్ వెడల్పు ఎంతో చూస్తున్నాను."

"మీకు ఇంత వెయ్యరులెండి," అంది. ఓదార్పుగానే అంది.

ఫొటోలో ఆయన మొహం సగమే ఉంది. మిగతా సగానికి గాజుగ్లాసు అడ్డం. గ్లాసుని వెలుతురుకేసి ఎత్తి, ఒక కన్ను మూసి, రెండో కంటితో నీళ్లలోంచి చూస్తున్నాడు, కోహినూరు బేరానికి వచ్చినవాడిలా. ఆయన్ని ఎరిగినవాళ్లకు వేరే ఫొటో అక్కర్లేదు. పెళ్లిచూపుల్లో పిల్లను చూడకుండా పిల్ల తెచ్చిన నీళ్లు చూశాడని, ఆ సంబంధం అందుకే తప్పిపోయిందని అప్పట్లో ఒక ప్రచారం ఉండేది. ప్రచారం చేసింది నేనే అనుకోండి. కానీ ఎవరూ కాదనలేదు.

అప్పట్లో అంటే అమీర్‌పేటలో గోడలు కనిపించని రోజులు. గోడ మీద బోర్డు, బోర్డు మీద బ్యానరు, బ్యానరు మీద పోస్టరు, పోస్టరు మీద ఫోన్ నంబరు. కరెంటు స్తంభాలు కూడా జావా నేర్పుతామనేవి. మైత్రీవనం దగ్గర బస్సు దిగి రోడ్డు దాటేలోపు మనిషి చేతిలో పెట్టే కాగితాలను తూకానికి వేస్తే ఒక పూట టిఫినయ్యేది. ఆ మహాసముద్రంలో నేను ఇంటర్వ్యూలో ఎలా మాట్లాడాలో నేర్పే సారుని. 'మీ బలహీనత ఏమిటి?' అని అడిగితే 'ఎక్కువ కష్టపడటం' అని చెప్పమని తరానికి తరాన్నే తయారుచేశాను. దేశంలో ఇవాళ ఇంతమంది ఎక్కువ కష్టపడుతున్నారంటే ఆ పుణ్యంలో నాకూ వాటా ఉంది.

అలాంటి చోట ఈయన నీళ్ల మీద పని చేసేవాడు. బేగంపేట వైపు ఒక పాత బంగళా మేడమీద ల్యాబు, మా బిల్డింగు డాబా మీద ఒంటిగది. రోడ్డు మీద కాగితాలు పంచేవాళ్లు ఆపి, "ఏం కోర్సన్నా, జావానా, టెస్టింగా?" అని అడిగితే, "టెస్టింగే," అనేవాడు.

"ఏ టూలు?"

"గుడ్డ."

వాళ్లు కాగితం వెనక్కి తీసుకునేవాళ్లు. అమీర్‌పేట చరిత్రలో ఇచ్చిన కాగితం వెనక్కి తీసుకున్నది ఈయన దగ్గర మాత్రమే. నేను రోజూ అదే రోడ్డున నడిచినా ఒక్కడూ వెనక్కి తీసుకోలేదు. మొహం చూడగానే ఏదో ఒక కోర్సు అవసరమని వాళ్లకు తెలిసిపోయేది.

గుడ్డ అంటే నిజంగా గుడ్డే. వేలెడు వెడల్పు తెల్లటి పేలిక. దాని నూలుపోగులకు ఆయన ఏదో పూత పూసేవాడు. నీళ్లలో క్రోమియం లాంటి విషముంటే ఆ పూత పట్టుకుంటుంది. పట్టగలిగినంత పట్టుకుని, ఇక చోటు లేదన్నప్పుడు రంగు మారుతుంది. "గుడ్డకే తెలివి పెడుతున్ననన్నా. గది మోసినంత మోస్తది, మోయలేనప్పుడు ఒర్లుతది," అనేవాడు. నేను మనుషులకు తెలివి పెట్టలేక నానా చావు చస్తుంటే ఈయన గుడ్డకు పెట్టేవాడు. ఇలాంటివాడి మీద మీకైతే ఏం పుడుతుంది? నాకూ అదే పుట్టింది.

మొదటిసారి పంజాగుట్టలో ఇరానీ హోటల్‌కి తీసుకెళ్లాను. ఎండన పడి వచ్చాం. గ్లాసు నోటిదాకా తెచ్చుకున్నాను. ఆయన అరచెయ్యి వచ్చి గ్లాసు మీద మూతలా పడింది.

"జర ఆగన్నా."

జేబులోంచి పేలిక తీసి నా గ్లాసులో వేలాడదీశాడు. హోటలంతా ఆగిపోయింది. కప్పులు గాల్లో ఆగాయి. ఫ్యాను కూడా తిరగడం మానిందని నాకిప్పటికీ అనుమానం. వెయిటర్ భుజం మీది గుడ్డ తీసి చేతబట్టుకుని వచ్చాడు.

"క్యా సాబ్, మా పానీల బట్టలుతుకుతున్నవా?"

"ఉతుకుతలేను భాయ్. అడుగుతున్న."

"ఎవర్ని?"

"నీళ్లను."

అందరం ఎదురుచూశాం. గుడ్డ తెల్లగానే ఉంది. "తాగన్నా, మస్తున్నయి," అన్నాడు. వెయిటర్ మొహం వెలిగిపోయింది, ఆ నీళ్లు వాడే కన్నట్టు. ఆ రోజు నుంచి ఆయన గడపలో అడుగుపెట్టగానే మలాయి తేలే చాయ్ వచ్చేది. నేను అదే హోటల్లో ఆయనకంటే ముందునుంచి ఖాతాదారుణ్ణి. నాలుగుసార్లు 'భాయ్' అంటే గాని నాకు నీళ్లు కూడా రావు.

కూరలో ఉప్పు లేకపోయినా ఆయనకు తెలిసేది కాదు. నీళ్ల గురించి మాత్రం జాతకం చెప్పేవాడు. పెళ్లికెళ్లి వస్తే, "మంచిగయింది పెండ్లి. నైట్రేట్ జర ఎక్కువున్నది," అనేవాడు. పెళ్లికూతురి పేరడిగితే తెల్లమొహం వేసేవాడు. పేరు ముందు డాక్టరని ఉండటంతో బిల్డింగంతా ఆయన దగ్గరికి దగ్గులూ జలుబులూ మోసుకొచ్చేది. కింద ఉండే ఓనరమ్మ మోకాళ్లు చూపించింది. "నేను నీళ్ల డాక్టర్నమ్మా," అన్నాడు. "మోకాళ్లల్ల నీరొచ్చిందనే గద నీ దగ్గరికొచ్చిన!" అందామె. ఆయన్ని ఓడించినవాళ్లు నాకు తెలిసి ఇద్దరే. ఒకరు ఓనరమ్మ.

రెండో మనిషి మా ఆవిడ. ఆమె బియస్సీ కెమిస్ట్రీ. పెళ్లితో ల్యాబు వదిలేసి వంటింట్లోకి వచ్చింది. అన్నేళ్లలో నేనూ ఆమె కెమిస్ట్రీ గురించి ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. ఈయన డాబా మీదికి దిగాక మా ఇంట్లో అయాన్లూ ఆక్సైడ్లూ మొదలయ్యాయి. ఆదివారం భోజనానికి పిలిస్తే వాళ్లిద్దరూ చారు చల్లారేదాకా చర్చించేవాళ్లు. నేను వడ్డించేవాణ్ణి. "మీకు తెలీదులెండి, అప్పడాలు అందుకోండి," అనేది మా ఆవిడ. ఇంటర్వ్యూల్లో రాష్ట్రాన్ని గెలిపించినవాణ్ణి, నా ఇంట్లో నాకు అప్పడాల ఉద్యోగం.

ఇక అసలు సంగతి. ల్యాబులో ఆయన గుడ్డ బ్రహ్మాండంగా పనిచేసింది. ఇళ్లలో చూడాలనుకున్నాడు. మా బిల్డింగులో రెండు రకాల నీళ్లు. రోజు విడిచి రోజు కుళాయికి వచ్చే మంజీరా నీళ్లు, ఎప్పుడంటే అప్పుడొచ్చే బోరు నీళ్లు. మేం మంజీరా పట్టుకునేవాళ్లం. ఓనరమ్మ మాత్రం బోరు తప్ప ముట్టేది కాదు. "మా ఆయన తవ్విచ్చిన బోరు. కొబ్బరినీళ్ల లెక్క ఉంటయి," అనేది. ఆ ఆయన ఫొటోకి కట్టని దండ బోరు మోటారుకి కట్టేది. వెనక గల్లీలో కుళాయిలకూ బండి హ్యాండిళ్లకూ మెరుగుపూత వేసే షెడ్డు ఒకటి ఉండేది. అది ఏం పారబోస్తుందో, ఎక్కడ పారబోస్తుందో ఎవరూ అడగలేదు, ఈయన తప్ప.

ఆషాఢం. బోనాల డప్పులు మోగుతున్నాయి. బోరు పక్కనున్న గోరింటచెట్టు బోడిదైపోయి ఆకంతా బిల్డింగు ఆడవాళ్ల చేతుల్లో ఉంది. ఆయన ఇంటింటికీ తలా ఒక పేలిక ఇచ్చి, తాగే బిందెలో వేలాడదీయమన్నాడు.

"ఏమైతది డాక్టర్ సాబ్?" అంది ఓనరమ్మ.

"పని చేస్తే ఎర్రగైతదమ్మా," అని చెప్పి, ఇంకో ఊళ్లో చెరువు నీళ్లు పట్టుకొస్తానని బస్సెక్కేశాడు.

ఎర్రబడితే తాగకూడదని వేరే చెప్పాలని ఆయనకు తట్టలేదు. ఎరుపంటే ప్రమాదమని లోకానికంతా తెలుసని ఆయన నమ్మకం. ఆయన లోకంలో ఉన్నవి రెండే, ల్యాబు, ట్రాఫిక్ సిగ్నలు. అమీర్‌పేట చౌరస్తాలో సిగ్నల్ ఎర్రబడితే ఎవరాగారు గనక?

మర్నాడు పొద్దున్నే ఓనరమ్మ కేక బిల్డింగు పునాదులు కదిలించింది.

"పండింది! పండిందే!"

మెట్ల మీద నిలబడింది. ఒక చేతిలో గుడ్డ, ఇంకో చేతిలో కోడలి అరచెయ్యి. కోడలు అప్పుడు కడుపుతో ఉంది. అరచేతిలో గోరింటాకు ఎంత పండిందో గుడ్డ అంతకంటే పండింది. "చూడుండ్రి, నా మొగడు తవ్విచ్చిన బోరు మామూలుదా!" మొదటి అంతస్తు వాళ్లు కూడా పరిగెత్తారు. వాళ్లూ బోరే. వాళ్లదీ పండింది, కాస్త నారింజ వైపు. అందరూ అందరివీ పోల్చి చూసుకున్నారు. అప్పుడు మా ఆవిడ మా గుడ్డ తెచ్చింది. తెల్లగా, ఉతికి ఇస్త్రీ చేసిన పంచెలా ఉంది.

ఓనరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి జాలిపడింది. "పోనీ తియ్యి బిడ్డా. కొందరికి పండది."

గోరింటాకు పండకపోతే మొగుడు మంచివాడు కాదని కదా లెక్క. మెట్ల మీదున్న ఆడవాళ్లందరూ ఒకేసారి తలెత్తి నా వైపు చూశారు. కెమిస్ట్రీ చదివిన మా ఆవిడ కూడా చూసింది. ఆమెకు ఆ గుడ్డ ఎలా పనిచేస్తుందో ఆయన పది ఆదివారాలు చెప్పాడు. అయినా ఆ క్షణాన ఆమె చదివిన బియస్సీ అంతా చేతికి అంటిన గోరింటాకు ముందు నిలవలేదు.

ఆ సాయంత్రం మా ఇంటికి బోరు నీళ్లొచ్చాయి. బిందె మోసింది నేనే. హిమాలయాల నుంచి గంగను తెచ్చినవాడు కూడా అంత గర్వంగా మెట్లెక్కి ఉండడు. తెల్లారేసరికి మా గుడ్డ మందారంలా విచ్చుకుంది. మా ఆవిడ దాన్ని బాల్కనీలో, కింది అంతస్తు వాళ్లకు కనపడేలా ఆరేసింది. ఆ వారమంతా నాకు చారులో పోపు ఎక్కువ పడింది. ఆ నీళ్లే తాగాం, హాయిగా.

వారం తర్వాత ఆయన గేటు దగ్గరికి వచ్చి నిలబడిపోయాడు. ప్రతి బాల్కనీకీ ఎర్రటి పేలికలు తోరణాల్లా ఊగుతున్నాయి. భుజం మీది సంచి జారిపడింది.

"రా రా డాక్టర్ సాబ్! నీ గుడ్డ మస్తు పని చేసింది!" అంది ఓనరమ్మ.

"అమ్మా, గీ నీళ్లు... తాగుతున్నరా?"

"తాగకుంటే? ఎర్రగైనంక ఇంక ఫికరేమున్నది? మా కోడలికైతే పూటకో చెంబు ఎక్కువ తాపుతున్న. పిల్ల ఎర్రగ పుట్టాలె."

కోడలు చెంబు పట్టుకుని గుమ్మంలోనే ఉంది. ఆయన ఒక్క అంగలో లోపలికి వెళ్లి, బిందె ఎత్తుకొచ్చి, మెట్ల మీద కుమ్మరించాడు. అప్పటిదాకా ఆయన గొంతు 'జర ఆగన్నా' కంటే పైకి లేవగా ఎవరం వినలేదు.

"తాగొద్దు! గది విషం! విషం నిండితెనే ఎర్రగైతది!"

ఓనరమ్మ కొంగు బిగించింది. "ఏంది, నా బోరు విషమా? నా మొగడు తవ్విచ్చిన బోరు విషమా? ఇన్నేండ్ల సంది తాగుతున్న, సచ్చిన్నా? పని చేస్తే ఎర్రగైతదన్నది నువ్వే గాదు? ఇప్పుడు నీ గుడ్డ ఖరాబైతే మా నీళ్ల మీద పెడుతున్నవా?"

"మరి తాగాల్నా వద్దా అన్నా?" అంది కోడలు, చెంబులోకి చూస్తూ.

"వద్దు చెల్లె."

"తాగు," అంది ఓనరమ్మ, ఇంకో బిందె మోటారు కింద పెడుతూ.

ఆ అమ్మాయి తాగలేదు, పారబొయ్యలేదు. చెంబుతో అలాగే నిలబడింది. ఆ చెంబు కడుపులో పిల్లదాకా చేరడానికి అత్తగారి ఇంకో మాట చాలు.

ఆ రోజు నుంచి మా ఆవిడ మంజీరా నీళ్లు ఒక స్టీలు క్యానులో పోసి, బట్టలారేయడానికి డాబా ఎక్కే కోడలికి మెట్ల మలుపులో అందించేది. కానీ ఎన్నాళ్లు దాస్తారు? ఓనరమ్మ తన చేత్తో తనే ఆ నీళ్లు పారబొయ్యాలి. ఆయన చెబితే పొయ్యదు. గుడ్డ చెప్పాలి.

ఆయన మా వంటింటి గడప దగ్గర కూలబడ్డాడు. "వదినా, ఎరుపు గాదు. ఏ రంగైతే మీరు తాగరు?"

ఇది నా రంగం. మనుషులకు విషయం ఎలా చేరవెయ్యాలో నేర్పి బతుకుతున్నవాణ్ణి. "నలుపు!" అన్నాను.

"నలుపైతే దిష్టి లాగేసిందనుకుంటారు," అంది మా ఆవిడ, ముక్కలు తరుగుతూ.

"పసుపు."

"శుభం అనుకుంటారు."

"ఆకుపచ్చ."

"తులసి తీర్థం అంటారు."

"నీలం!"

"నీలిమందు పెడితే తెల్లబట్ట ఇంకా తెల్లబడదూ? రెండు చెంబులు ఎక్కువ తాగుతారు."

ఇంద్రధనుస్సు అయిపోయింది. నేను వంకాయ రంగు గురించి ఆలోచిస్తుండగా అన్నం ఉడుకు పట్టింది. ఆమె మసిగుడ్డతో గిన్నె పట్టి దించి, ఆ గుడ్డను మా ఇద్దరి ముందు గడప మీద పడేసింది.

"ఇదీ రంగు. ఇది తాగే బిందెలో పడితే ఆ నీళ్లు ఏ ఇల్లాలైనా ఉంచుకుంటుందేమో చూడండి."

మా మసిగుడ్డ మామూలుది కాదు. మసి, నూనె, పసుపు, పొంగిన పాలు, మాడిన పులుసు, మా కాపురమంతా అందులో ఉంది. ఏ రంగో చెప్పడానికి ఏ భాషలోనూ మాట లేదు. ఆయన రెండు చేతులా దాన్ని అందుకున్నాడు. కిటికీ వెలుతురుకేసి ఎత్తి, ఒక కన్ను మూశాడు. గ్లాసు కాకుండా ఇంకోదాన్ని ఆయన అలా ఎత్తి చూడటం అదొక్కసారే చూశాను.

"వదినా," అన్నాడు. మా ఆవిడ మొహం నేను చూశాను. నేను పట్టుచీర తెచ్చినప్పుడు కూడా ఆ వెలుగు రాలేదు.

ఆయన అడిగి మరీ ఆ గుడ్డ పట్టుకెళ్లాడు. మా ఇంటి మసిగుడ్డ బేగంపేట ల్యాబులో గాజుబీరువాలో కూర్చుంది. నన్ను మాత్రం ఆ ల్యాబుకి ఇప్పటికీ ఎవరూ పిలవలేదు.

ఎరుపు పూత కింద ఇంకో పూత, దాని కింద ఇంకోటి. సాయంత్రాలు నమూనాలు తెచ్చి మా ఆవిడ ముందు పరిచేవాడు. "ఇది నేరేడుపండు. పిల్లలు చప్పరిస్తారు," అనేది. "ఇది పట్టుచీర రంగు. జరీ అంచుంటే నేనే కట్టుకుంటాను." తల వంచుకుని వెళ్లిపోయేవాడు. మళ్లీ తెచ్చేవాడు. ఆమె అలా నా కథ ఒక్కటి తిప్పికొట్టినా నేను మహా రచయితనయ్యేవాణ్ణి. ఆమె వాటిని చదివేదే కాదు. చివరికొక సాయంత్రం ఒక పేలికను రెండు వేళ్లతో, ముక్కు చిట్లించి, దూరంగా పట్టుకుంది. "ఛీ," అంది. ఆయన గాల్లోకి ఎగిరాడు.

ఈసారి ఓనరమ్మకు ఏమీ చెప్పలేదు. "ఏలాడదీయమ్మా," అన్నాడంతే. పాత తగువు మర్చిపోలేదు గాని, తన బోరు గెలుస్తుందన్న పట్టుదలతో ఆమే బిందెలో వేసింది. మర్నాడు పొద్దున మేం ముగ్గురం మెట్ల మలుపులో ఊపిరి బిగబట్టి నిలబడ్డాం.

"ఛీ ఛీ! ఎవరే నా మంచినీళ్ల బిందెల మసిగుడ్డ ఏసింది?"

ధనాలున బిందె బోర్లా పడిన చప్పుడు. కోడలు, "మసిగుడ్డ గాదత్తమ్మా, డాక్టరన్న గుడ్డే," అంది. బిందె తోమి, మళ్లీ పట్టి, మళ్లీ కొత్త పేలిక వేసింది. మళ్లీ బోర్లా పడింది. ఆ తర్వాత చప్పుడు లేదు. వెళ్లి చూస్తే ఆమె బోరు గట్టు మీద కూర్చుని మోటారుకున్న దండ సవరిస్తోంది. ఆయన పక్కన కూర్చున్నాడు.

"మా ఆయన చేతి నీళ్లు బిడ్డా," అంది.

"ఆయన తవ్వినప్పుడు మంచిగనే ఉండెనమ్మా. ఎనక షెడ్డోడు పోసింది దిగింది."

ఆమె లేచి, ఆ పేలికను కర్రకు కట్టి, షెడ్డు ముందుకు వెళ్లి అందుకున్న తిట్లు మా గల్లీ వాళ్లు ఇప్పటికీ వాడుకుంటున్నారు. ఆ షెడ్డు షట్టరు మళ్లీ లేవలేదు. మా ఇంటి కుళాయి నుంచి ఆమెకు మంజీరా వెళ్లింది, బహిరంగంగా. మనవరాలు చామనఛాయతో, నాయనమ్మ గొంతుతో పుట్టింది.

పేపర్లో ఇవేవీ లేవు. గుడ్డ గురించి, అది ఎన్ని ఊళ్ల బిందెల్లో వేలాడుతోందో దాని గురించి ఉంది. రంగు విషయం రాస్తూ 'సుదీర్ఘ పరిశోధన' అన్నారు. మా ఆవిడ రెండుసార్లు చదివి, "పొయ్యి మీద అన్నం ఉడికినంతసేపు," అంది.

దశదినకర్మ పంజాగుట్టలో ఒక హాల్లో. బంతిలో కూర్చున్నాం. వరసలో ఓనరమ్మ, కోడలు, మా ఆవిడ, ఇరానీ హోటల్ వెయిటర్ కూడా, గడ్డం తెల్లబడి. వడ్డించే అతను గ్లాసుల్లో నీళ్లు పోసుకుంటూ పోయాడు. ఎవరూ తాగలేదు. ఎవరూ అనుకుని చేసింది కాదు. వరసంతా గ్లాసులు వెలుతురుకేసి లేచాయి, ప్రతివాళ్లకూ ఒక కన్ను మూసుకుపోయింది.

"ఏమైంది సార్? మినరల్ వాటరే!" అన్నాడతను కంగారుగా.

"జర ఆగు బిడ్డా," అంది ఓనరమ్మ.

నేనూ ఎత్తాను. ఎదురుగా దండ వేసిన ఫొటో. అక్కడ ఆయనా గ్లాసెత్తి ఒంటికంటితో మా వైపే చూస్తున్నాడు. నేను పోయాక నా కోసం ఒక్కడైనా ఒక్క గుటక ఆపుతాడా? ఈయన కోసం వరసంతా దాహంతో ఆగింది. కన్ను చికిలించి ఆయన గ్లాసులోకీ నా గ్లాసులోకీ మార్చి మార్చి చూశాను.

అప్పుడు కూడా ఆయన నీళ్లే తేటగా ఉన్నాయి.